ఏత్వం

వేపేరిలో రైలుపట్టాల వెనక సందులో
మా ప్రెస్సు ఉండేది. ఇప్పుడక్కడ టైల్సు అమ్ముతున్నారు.
నేను ప్రూఫులు దిద్దేదాన్ని,
ఓబద్యా కంపోజు చేసేవాడు.
పులియంతోపు నుంచి సైకిలు మీద వచ్చి
ముందు చేతులు కడుక్కుని, అప్పుడు సీసం ముట్టుకునేవాడు.
తక్కినవాళ్లంతా ముట్టుకున్నాక కడుక్కుంటారు.

ఆ ఏడు సంఘ చరిత్ర అచ్చు వేస్తున్నాం,
వేదాంత కళాశాల పిల్లల కోసం, చవక కాగితం మీద.
నాలుగో అధ్యాయం నీకయ సభ.
మూడువందల చిల్లర బిషప్పులు
చక్రవర్తి ఖర్చు మీద బండ్లెక్కి వచ్చారు.
కొందరికి కుడికన్ను లేదు,
కొందరికి ఎడమ మడమ నరం కాల్చేశారు,
పాత దొరతనం గనుల్లోకి తోసినప్పటి గుర్తులు.
నిన్న వాత పెట్టిన సింహాసనమే
ఇవాళ విస్తరి వేసింది.
వాళ్లు కుంటుకుంటూ వచ్చి కూర్చుని
ఒక్క మాట తేల్చారు:
కుమారుడు తండ్రిలాంటివాడు కాదు,
తండ్రి ఏదో అదే.
ముప్పయ్యేళ్లు పోయాక కొందరు మంచివాళ్లు
ఆ మాట మధ్య సన్నటి అక్షరమొకటి దూర్చి
'లాంటి' దగ్గర సర్దుకుందామన్నారు.
నిలువు గీతంత అక్షరం.
దానికోసం ఊళ్లు చీలాయి.

నాకు ఇరవై నాలుగేళ్లు.
గీతకి ఇంత గోలా అని
మార్జిన్‌లో పెన్సిలుతో రాసి చెరిపేశాను.

అక్టోబరు వాన. కరెంటు పోయింది.
కొవ్వొత్తి దగ్గర ఆఖరి ప్రూఫు.
విశ్వాస ప్రమాణం పేజీలో
తండ్రితో ఒకే తత్త్వము గలవాడు, అని ఉండాలి.
కే తల విరిగిందో, గడిలో నిండుకుందో,
ఒక తత్త్వము, అని పడింది.
కన్ను జారిపోయింది. సంతకం పెట్టేశాను.

రాత్రి పదిన్నరకి తలుపు చప్పుడు.
గోనెసంచి కప్పుకుని ఓబద్యా,
మోకాళ్ల దాకా పురసవాకం బురద.
"అమ్మా, ఏత్వం రాలిపోయింది. మిషను ఆపేసినా."
ఒకకీ ఒకేకీ ఏమంత తేడా,
పిల్లలే అర్థం చేసుకుంటారులే అన్నాను.

గడప అవతలే నిలబడి,
గ్యాలీ చదివే గొంతుతోనే చెప్పాడు:
"నెల్లూరి పక్కన మా ఊళ్లో గుడి కట్టినారమ్మా.
రొట్టె అందరికీ విరిచిరి.
గిన్నె కాడికొచ్చేసరికి
వాళ్లకో గిన్నె, మాకో గిన్నె.
రెండూ వెండియ్యే. రెంట్లో ద్రాక్షరసమే.
మా నాయన అడిగితే
మీకూ ఒక గిన్నె ఉండాది గదరా అనిరి.
ఉండాది. ఒక గిన్నె.
ఒకే గిన్నె గాదు.
ఆ ఆదివారమే రైలెక్కి
మద్రాసులో కార్పొరేషన్ బండి పట్టినాడు."

చెప్పులు కూడా వేసుకోలేదు నేను.

ప్రెస్సులో కే గడి ఖాళీ.
వెనక అట్ట మీది కేశవులు నాయుడు ఇనపకొట్టు
ప్రకటనలోంచి ఒకటి ఊడబీకాడు.
నాయుడుగారు శవులు కాకుండా
పెద్ద సైజు కే తొడిగాడు అక్కడ.
ఆ పుస్తకం ఎక్కడైనా దొరికితే చూడండి,
ఆయన పేరు తల లావుగా ఉంటుంది.

తెలుగులో అచ్చంటే సీసపు ముక్క,
ప్రాణమున్న అక్షరం కూడా అచ్చే.
ఆ సంగతి బళ్లో చదివాను, ఆ రాత్రి విన్నాను.

అప్పటికే నూటపదమూడు కాగితాలు దిగాయి.
పారేస్తే జీతంలో కోత.
కూర్చుని ఒక్కోదానికీ
నల్లసిరాతో ఏత్వం దిద్దాను.
అరవై దాటాక చేయి తిమ్మిరెక్కింది.
బయట తమిళంలో ఎవరో వానని తిడుతున్నారు.

తెల్లవారుజామున వాచ్‌మన్ టీ తెచ్చాడు,
ఎప్పట్లాగే.
నాకు పింగాణీ కప్పు,
ఓబద్యాకి కిటికీలో బోర్లించి ఉండే గాజు గ్లాసు.
ఆరేళ్లుగా అంతే.

ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం.